దుర్గ పుస్తెలగొలుసు పరీక్ష

అది 2023 మే నెల. అమలాపురంలోని మా నగల కొట్లో వెనక బల్ల నాది. కొడుకు అమ్మకాలు చూస్తాడు, నేను నికెల్ టెస్ట్ చేస్తాను. నికెల్ అనే లోహం చెమట తగిలితే కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పడనివాళ్ళకి దురద, పుండు. టెస్ట్ చిన్నదే. రెండు సీసాల్లోని మందు చుక్కలు దూదిపుల్ల మీద వేసి నగకి రుద్దాలి. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ వస్తున్నట్టు.

ఆ మధ్యాహ్నం కాట్రేనికోన నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలు దుర్గ రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. ఆమె గుండెల మీద అరచేతంత మేర చర్మం కంది, పగిలి ఉంది. పుస్తెలగొలుసు పరీక్ష చేయించమని డాక్టరు చెప్పారట.

"ఇందులో ఏమీ లేదంటే ఇక రొయ్యలే పడట్లేదని తేల్చేస్తారండి. అదే అయితే ఇంక షెడ్డుకి రావద్దని సూపర్‌వైజరు గారు ముందే చెప్పేసేరు. ఏదో ఒకటి ఉందని చెప్పండి మామ్మగారూ" అంది దుర్గ.

"ఉంటే ఉందంటాను. లేనిది ఎలా చెప్పనమ్మా?" అన్నాను.

అత్త సత్తెమ్మ ఇంటి నుంచి తెచ్చిన పసుపుకొమ్ము తాడు కోడలి మెళ్ళో కట్టి, అప్పుడు గొలుసు తీయనిచ్చింది. దానికున్న పిన్నీసులు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుని, గొలుసు నాకిచ్చింది. పుస్తెలు, కొక్కెం, అతుకులు విడివిడిగా రుద్దాను. దూది తెల్లగానే ఉంది. మళ్ళీ చేశాను. తెలుపే.

"మంచి బంగారమమ్మా. దీనివల్ల కాదు."

దుర్గ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బంగారం మంచిదని ఏడవాల్సి రావడం మన ఇంట్లోనే చూశానే" అంది సత్తెమ్మ. గొలుసు కోడలి మెళ్ళో వేసి, అక్కడే నిలబడి పిన్నీసులు ఒక్కొక్కటే తగిలించసాగింది. నాలుగు. పెద్దది సరిగ్గా పుండు మీద వాలింది.

"ఇవెప్పుడూ మెళ్ళోనే ఉంటాయా?" అని అడిగాను.

"ఆయ్. పడుకున్నా ఉంటాయండి. కొంగుకి కావాలి, వేలికి రొయ్య ముల్లు దిగితే కావాలి" అంది దుర్గ.

"మరి డాక్టరుకి చూపించారా?"

"పెద్దవాళ్ళ దగ్గరికి పిన్నీసులు వేలాడేసుకుని వెళ్తామేంటండీ? తీసేసే వెళ్ళేం" అంది సత్తెమ్మ.

"నాకైనా ఇవ్వలేదేం?"

"నగల కొట్లో పిన్నీసులిస్తే నవ్వరాండీ?"

నవ్వలేదు. నాలుగూ తీసుకుని రుద్దాను. మూడింటికి దూది గులాబీ రంగుకి తిరిగింది. ఉప్పునీళ్ళు, చెమట తగిలి పైపూత లేచిపోయిన పిన్నీసులవి.

సత్తెమ్మ ఆ దూది చూసి, "నా కోడల్ని తింటున్నది నువ్వటే?" అని పెద్ద పిన్నీసునే తిట్టింది. దుర్గ మొదటిసారి నవ్వింది.

ఆ దూదిపుల్లలు కాగితంలో చుట్టిచ్చి డాక్టరుకి చూపించమన్నాను. పిన్నీసులు మాని, ఆయనిచ్చిన మందు రాసుకుంటే వానాకాలానికి చర్మం మామూలైంది. షెడ్డులో పని పోలేదు. ఆ మాట చెప్పడానికే ఇద్దరూ బస్సెక్కి వచ్చారు.

నా మెళ్ళోనూ అప్పటికి రెండు పిన్నీసులున్నాయి. కొట్టుకి వచ్చే ఆడవాళ్ళందరూ అవి తీసేసే గొలుసు ఇస్తారు. ఇప్పుడు టెస్టుకి ఎవరొచ్చినా, "ఏమీ ఊడదీయకండి, మెళ్ళో ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి" అంటాను. సత్తెమ్మ ఆ రోజు మెట్లు దిగాక పిన్నీసులు తగిలించి ఉంటే, దుర్గ పని పోయే మాట చెప్పి పంపినదాన్ని నేనే అయ్యేదాన్ని. నా బల్ల ముందే ఆగి తగిలించిన ఆ చేతులకి ఋణపడి ఉన్నాను.