అలమేలు అక్క కొలిచిన ఇళ్ళు

విరుదునగర్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడకు అన్నం కలుపుకోవడం మళ్ళీ నేర్పుతూ ఉండగా, మొన్న మంగళవారం ఉదయం కోవిల్‌పట్టి నుంచి ఫోను వచ్చింది. అవతల అలమేలు అక్క చెల్లెలు సీతాలక్ష్మి. "అక్క పోయె, వసంతా" అన్నది. నెలల తరబడి భయంతో ఎదురుచూసిన కబురే అది. అయినా చెవిన పడిన క్షణంలో మనసు దాన్ని అంగీకరించలేదు. నా ముఖం చూసి ఆ పెద్దావిడ పళ్ళెం పక్కకు నెట్టి, స్వాధీనంలో ఉన్న ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నది. పదిహేనేళ్ళుగా నాకు గురువై, తోబుట్టువై నిలిచిన మనిషి నిష్క్రమించిందని అప్పుడు అర్థమైంది.

అక్క ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ మాటకు సరితూగే తెలుగు పేరు నాకు దొరకలేదు. వ్యాధి వల్లనో, దెబ్బ వల్లనో, వార్ధక్యం వల్లనో మనిషికి చేజారిపోయిన నిత్యకృత్యాలను, అంటే స్నానం, భోజనం, చీర కట్టుకోవడం, మంచం మీంచి లేవడం వంటి వాటిని తిరిగి అలవాటు చేసే విద్య అది. కోవిల్‌పట్టికి దాపున పత్తి, మిరప పండే నల్లరేగడి పల్లెలో ఆమె పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మద్రాసు కాలేజీలో ఇంగ్లీషు. తమిళనాట మా తెలుగువాళ్ళందరిలాగే ఆమెకూ తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. నేను పెళ్ళయ్యాక చిత్తూరులో ఉన్న నాలుగేళ్ళలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ వ్యాసం ఆమె ఉండగా రాసి ఉంటే, "చదివి వినిపియ్యి పిల్లా" అని కూర్చోబెట్టి, సగంలోనే "చాలు, శానా పొగిడినావు" అని ఆపేసేవారు.

తొంభైల నడుమ విరుదునగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. మొదటి వారంలోనే ఆమె ప్రజ్ఞ కళ్ళారా చూశాను. చిన్నతనం నుంచి అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసిన ఒక వృద్ధురాలికి కుడిచెయ్యి పడిపోయింది. చెక్కపలక మీద రంగురంగుల మేకులు గుచ్చమని నేను ఎంత బతిమాలినా ఆమె వేళ్ళు కదలడం లేదు. అక్క మరునాడు కోవిల్‌పట్టి నుంచి బస్సులో గాళ్ళున్న ఒక పాత చట్రం, దోసెడు పుల్లలు మోసుకొచ్చారు. కార్ఖానాలో మందు అద్దడానికి ముందు పుల్లలు పేర్చే చట్రం అది; అక్కడ దాన్ని 'చట్టం' అని, పేర్చడాన్ని 'అడుక్కోవడం' అని అంటారు. "అవ్వా, ఈ పిల్లకి చట్టం అడుక్కోను రాదంట. కొంచెం చూపియ్యి" అన్నారు, నన్ను చూపిస్తూ. ఆ ముసలామె నావైపు జాలిగా చూసి, వణికే వేళ్ళతో ఒక పుల్ల తీసి గాడిలో పెట్టింది. తరవాత ఇంకొకటి. రోగి పూర్వజీవితంలోనే చికిత్స ఉంటుందన్నది అక్క ఆనాడు నాకు నేర్పిన తొలి పాఠం.

ఆమె జీవితగమనాన్ని మార్చిన సంఘటన ఆ తరవాత రెండేళ్ళకు జరిగింది. ఆలంగుళం వైపు నుంచి పాపమ్మాళ్ అనే ఆమె తుంటి ఎముక విరిగి వచ్చింది. భర్త సున్నపురాతి గనిలో పనిచేసి గతించాడు. కొడుకు కుటుంబంతో ఉంటుంది. అక్క రెండు నెలలు శ్రమించి ఆమెను నడిపించారు. వెళ్ళేనాడు పాపమ్మాళ్ వాకరు సాయంతో వరండా పొడవునా నడిచి, నర్సులందరికీ దండం పెట్టి ఆటో ఎక్కింది. ఇరవై రోజులకు కబురు వచ్చింది. ఇంట్లో మళ్ళీ పడిందట. తలకు దెబ్బ తగిలి ఆ రోజే ప్రాణం పోయిందట.

మేమిద్దరం పరామర్శకు వెళ్ళాం. కొడుకు అక్కను లోపలికి తీసుకుపోయి చోటు చూపించాడు. వంటింటికీ పెరటికీ మధ్య మోకాటి కింది వరకూ వచ్చే గడప. దాన్ని దాటగానే నాచు పట్టిన బట్టలుతికే రాయి. ఆ మూల పగలే చీకటి. పట్టుకోవడానికి ఏమీ లేదు.

"ఆసుపత్రిలో బాగ నడిచె గదమ్మా. ఈడ ఏమిటికి పడె?" అని అతను అడిగాడు. నిష్ఠూరం కాదు, నిజంగా తెలియకే అడిగాడు.

అక్క మూలనున్న ఆమె వాకరు తీసుకున్నారు. వాకరు కాళ్ళు ఆ గడప మీద ఆనించి చూశారు. ఆనలేదు. విరుదునగర్‌లో బస్సు దిగే ముందు అన్నారు: "ఆమెకి ఆసుపత్రి నేల మీద నడక నేర్పిస్తిని. ఆమె ఇంటి నేలని నేను చూడనే లేదు, వసంతా."

మరునాడే ఆమె ఆసుపత్రి నిర్వాహకుణ్ణి కలిశారు. ఇంటికి పంపే ముందు ప్రతి వృద్ధరోగి ఇల్లూ చూసి రావాలని ప్రార్థించారు. ఇళ్ళు చూడటం ఆసుపత్రి పని కాదని ఆయన తోసిపుచ్చారు. ఆయన మీద అక్క ఎన్నడూ కోపం చూపలేదు. ఆదివారాలు సొంతంగా వెళ్ళడం మొదలుపెట్టారు. సంచిలో టేపు, సుద్దముక్క, టార్చిలైటు. కొన్నేళ్ళు అలా రెండు పనులూ మోశారు. చివరికి రెండువేల తొలి సంవత్సరాల్లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, కోవిల్‌పట్టిలో తమ ఇంటి ముందుగదినే కార్యాలయం చేసుకున్నారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళి, ఎక్కడ జారతారో, ఎక్కడ తడబడతారో కనిపెట్టి, దిద్దుబాట్లు చెప్పడమే ఇక ఆమె వృత్తి. మా వైపు అలాంటి పని ఒకటుందని అప్పటికి ఎవరూ విని ఉండలేదు. నేను ఆసుపత్రిలోనే ఉండి, సెలవుదినాల్లో ఆమె వెంట తిరిగాను.

తొలినాళ్ళలో ఆమెను వాస్తు చూసే మనిషి అనుకున్నవాళ్ళే ఎక్కువ. ఒక ఇంట్లో యజమాని గుమ్మంలోనే ఎదురొచ్చి, "పూజగది ఏ దిక్కుకి మార్చాలమ్మా?" అని అడిగాడు. అక్క నవ్వు ఆపుకుని, "నాకు దిక్కులు తెలవవు నాయినా. మీ తాత నీళ్ళు పోసుకునేదానికి ఏ దిక్కుగా పోతాడో అది చూపియ్యి" అన్నారు. ఆ ఇంట్లోనే గడప తగ్గించాలనేసరికి ముసలామె గొల్లుమన్నది. "కడపని కోస్తే లచ్చిమి పోతాది!" అక్క వాదించలేదు. గడపకు రెండువైపులా సిమెంటుతో వాలు పోయించి, పసుపు పూసిన కొయ్య అలాగే పైకి కనబడేలా ఉంచారు. విశ్వాసాన్ని గాయపరచకుండా ప్రాణం కాపాడటం ఆమెకు సహజంగా అబ్బిన సంస్కారం.

కళుగుమలైలో గోవిందప్ప తాత ఉదంతం నేను మరువలేనిది. నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. భార్య పోయాక కూతురి ఇంట్లో ఉంటూ రెండుసార్లు పడ్డాడు. గోడకు కడ్డీ బిగించాలంటే ఉగ్రుడయ్యాడు. "పట్టుకోని నడిచేదానికి నేనేమన్నా పసిబిడ్డనా? ఎవరు పిలిచిరి నిన్ను?" అన్నాడు. కూతురు సిగ్గుతో తల దించుకున్నది. అక్క సంచి కింద పెట్టి, అతని మంచం పక్కన నేల మీద కూర్చుని, అతను నేసిన చీరల అంచుల గురించి అడుగుతూ చాలాసేపు గడిపారు. తరవాత లేచి నడవలోకి వెళ్ళి నన్ను పిలిచారు. తెల్లసున్నం వేసిన గోడ మీద, భుజం ఎత్తున, మంచం నుంచి పెరటి తలుపు దాకా నూనెచేతి మరకలు వరసగా ఉన్నాయి. ఎవరూ చూడనప్పుడు అతను గోడ పట్టుకునే నడుస్తున్నాడు.

ఆ మాట కూతురి ఎదుట అనలేదామె. తాత చెవి దగ్గర వంగి, "తాతా, యాడ పెట్టాలనో నీ చెయ్యే చూపించేసె. కడ్డీ నేను పెట్టిస్తాను, అంతే" అన్నారు. అతను గోడ వైపు చూశాడు. "ఇనుము వొద్దు. చలికి కాలు చెయ్యి జివ్వుమంటాది. కొయ్యదే పెట్టు" అన్నాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. వడ్రంగి వచ్చేదాకా అక్క ఆ సాయంత్రం అక్కడే ఉన్నారు.

ఆమెలో లోపాలు లేవనను. పనిలో అలసత్వాన్ని సహించేవారు కాదు. ఒకసారి నేను ఒక ఇల్లు చూసి వచ్చి కొలతలన్నీ రాసిచ్చాను. "పెరటి మరుగుదొడ్డిలో కూచోని లేచి చూస్తివా?" అని అడిగారు. లేదన్నాను. "కూచోకుండా ఎత్తు ఎట్ల తెలుస్తుంది?" అని పదిమంది ఎదుట కాగితం చింపేశారు. నేను రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం తానే వేరుశనగ మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు, "రేపు సాత్తూరు పోవాల. వస్తావా?" అన్నారు. క్షమాపణ అడగడం చేతకాని మనిషి. నేను వెళ్ళాను.

ఏడాది కిందట ఆమెకు నడుం నొప్పి మొదలైంది. బస్సుల్లో తిరిగి తిరిగి వచ్చిందనుకున్నాం. మదురైలో పరీక్షలు చేస్తే క్యాన్సరు అప్పటికే ఎముకల్లోకి పాకిందని తేలింది. యాభై నాలుగేళ్ళు. అవివాహిత. సీతాలక్ష్మి తప్ప ఎవరూ లేరు. ఈ ఎండాకాలానికి కాళ్ళలో పట్టు పూర్తిగా తగ్గిపోయింది. అప్పుడు నేను టేపు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఎన్నో ఇళ్ళు సరిదిద్దిన ఆమె తన ఇంట్లో ఒక్క కడ్డీ బిగించుకోలేదు.

మంచం ఎత్తు, తలుపు వెడల్పు కొలుస్తుంటే కళ్ళు మూసుకుని ఒప్పుకున్నారు. మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టిస్తానన్నప్పుడు మాత్రం ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

"వొద్దు."

"అక్కా, పెరటి దాకా నడవలేవు. నువ్వే కదా అందరికీ చెప్పేది..."

"చెప్పినాను. ఎన్ని ఇండ్లలో ఎంత సులువుగా చెప్పేస్తినో." ముఖం ఇంకా గోడవైపే ఉంది. "ఆ ముసలోళ్ళు నన్ను చూసి ఏమనుకొనిరో, వసంతా. ఇది నాకి తెలవనే లేదు."

ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. సీతాలక్ష్మి పాత చీర ఒకటి తెచ్చి, "ఎవరైనా వస్తే దీన్ని కప్పేస్తాను అక్కా, కుర్చీ అనే అనుకుంటారు" అన్నది. అక్క తల ఊపారు. నేను వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, "ఇంక పొయ్యే ఇండ్లలో ముందు వాళ్ళ సిగ్గుని అడుగు. కొలత తరవాత" అన్నారు. తన అవమానాన్ని కూడా ఇంకొకరికి ఉపకరించే పాఠంగా మార్చగలిగిన ఔన్నత్యం అది. ఆ తరవాత ఆమె పని గురించి మాట్లాడలేదు. నాలుగు వారాలకు, మంగళవారం తెల్లవారాక, చెల్లెలు కాఫీ కలిపి తెచ్చేలోగా శ్వాస ఆగిపోయింది.

అంత్యక్రియలనాడు ఆ సందులోకి వృద్ధులు వచ్చారు. కొడుకుల భుజాలు పట్టుకుని కొందరు, వాకరుతో కొందరు. ఆటోలోంచి దిగలేక లోపలే కూర్చుని చేతులు జోడించినవారు కొందరు. వాళ్ళలో చాలామంది నేనెరగనివారే. ఎవరో ఒకామె అక్క పాదాల దగ్గర నిలబడి సీతాలక్ష్మితో అన్నది: "మా ఇంటికి వచ్చి నాతో కూడ నేల మీద కూచునె. నా కోడలు గూడ అట్ల కూచోలే." అంతకు మించిన నివాళి నా దగ్గర లేదు.

నిన్న శివకాశి దారిలో ఒక ఇంటికి వెళ్ళాను. అక్క ఒప్పుకుని వెళ్ళలేకపోయిన ఇల్లు. ఆ ఇంటి పెద్దాయనకు కాళ్ళు వాచి ఉన్నాయి. ఆయన పక్కన కూర్చుని, ఏది చెప్పుకోవడానికి బిడియంగా ఉందో ముందు అదే అడిగాను. ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. విన్నాక లేచి మెట్టు కొలిచి, అంకె రాసుకున్నాను. అది సరైనదో కాదో నాకు తెలియలేదు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. మళ్ళీ మొదటి నుంచి కొలిచాను.