ఆ ఆరు గడులు నావి

మా సార్ పోయారు. ఆ కబురు వచ్చేసరికి పొద్దున్నే పూరీలకు పిండి కలుపుతున్నాను. పిండి చేత్తోనే రిసీవరు ఎత్తాను. అవతల సార్ భార్య. మేమంతా ఆవిడను అమ్మగారు అనే పిలుస్తాం. "తెల్లవారుజామున వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పారో, నేనేం అన్నానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక అక్కడే కుర్చీలో కూలబడ్డాను. వేళ్ల మీద పిండి ఎండిపోయేదాకా లేవలేదు.

ఆయన ఎవరో మీలో చాలామందికి తెలియదు. జేబులో సెల్‌ఫోన్ పెట్టుకుని తిరిగేవాళ్లకు ఆయన తెలియాల్సిన పనీ లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో టెలికమ్యూనికేషన్స్ పాఠం చెప్పేవారు. నా పరిశోధనకు ఆయనే గైడు. ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. ఎత్తయిన చోట ఒక టవరు నిలబెడితే, దాని సిగ్నల్ ఈ జూబ్లీహిల్స్ బండలను దాటి ఎంత దూరం పోతుంది? బండ వెనక ఎంత మిగులుతుంది? "ఎండకు నీడ ఉన్నట్టే సిగ్నల్‌కీ నీడ ఉంటుందమ్మా. ఆ నీడలో కూడా మనుషులు కాపురాలు చేస్తుంటారు," అనేవారు.

ఈ పనిలో ఎందుకు పడ్డారో ఒక్కసారే చెప్పారు. ఎనభైల్లో ఆయన కొత్తగా ఇల్లు మారి వచ్చిన మధురానగర్ వీధి మొత్తానికి కిరాణా కొట్లో ఉన్నదే ఫోను. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రోజులవి. ఊళ్లో తండ్రి పోయిన కబురు ఆ కొట్టుకే వచ్చింది. కొట్టతను ఆ రోజు షాపు కట్టేసి పెళ్లికి వెళ్లాడు. కబురు అందేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. ఇది చెప్పి, కళ్లజోడు తుడుచుకుని, "సరే, బ్యాటరీ ఛార్జి అయిందేమో చూడు," అన్నారు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

తొంభైల మొదట్లో, సెల్‌ఫోన్లు రాబోతున్నాయనగా, ఒక కంపెనీ మా కాలేజీకి సర్వే పని ఇచ్చింది. టవరు రాబోయే చోట కంపెనీ ప్రయోగానికి ఒక చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టింది. జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అంతా తిరిగి, దాని సిగ్నల్ ఎక్కడ ఎంత అందుతుందో మ్యాపు గీసి ఇవ్వాలి. మా దగ్గర సిగ్నల్ కొలిచే ఇనప డబ్బా ఒకటి ఉండేది. ముందు సూది, పైన ఏరియల్. ఆ డబ్బా మోయడానికి నేను, నా లూనా బండి. ముందు స్కూటరు మీద ఆయన, తలకు తువ్వాలు, చేతిసంచిలో మజ్జిగ సీసా.

ఆయన పద్ధతి ఆయనది. మ్యాపు మీద చిన్న చిన్న గడులు గీసేవారు. ఒక్కో గడి దగ్గర ఆగి మూడుసార్లు కొలవాలి. అంకె నీలం పెన్సిల్‌తో. సిగ్నల్ లేకపోతే ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. సూది కదలని చోట ఇంకో నిమిషం ఊరికే నిలబడేవారు. "లేదనడానికి తొందరెందుకు?" అనేవారు. మే నెల ఎండలో ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉండేదో నాకే తెలుసు. లోపల్లోపల తిట్టుకునేదాన్ని కూడా.

పోలేకపోయిన చోట గడిని ఖాళీగా వదిలేయాలి. దీని దగ్గర మాత్రం ఆయన చాలా కచ్చితం. "ఖాళీ గడికి సిగ్గుపడకండి. రేపు ఎవరో ఒకరు వెళ్లి కొలుస్తారు. నిండిన గడి దగ్గరికి మళ్లీ ఎవరూ వెళ్లరు." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. సాయంత్రం మ్యాపు చుట్టే ముందు, "ఇంకేమన్నా రాయాల్సింది ఉందా?" అని అడిగేవారు. లేదంటేనే సంతకం.

ఫిల్మ్ నగర్‌లో మమ్మల్ని చూసి అందరూ లొకేషన్లు వెతికేవాళ్లమనుకునేవారు. ఒక ప్రొడక్షన్ మేనేజరైతే సార్ నెరిసిన జుట్టు చూసి వెంటపడ్డాడు. "మాస్టారూ, ఒక్క అరగంటండీ! జడ్జి గారి వేషం. ఊరికే కూర్చుని ఆర్డర్ ఆర్డర్ అంటే చాలండీ."

"నాకు తీర్పులు చెప్పడం రాదు బాబూ. కొలతలైతే చెబుతాను," అన్నారు సార్.

నేను నవ్వలేక చచ్చాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

నన్ను చూసి మా అమ్మ, "దీనికి నోరే లేకపోతే కుక్కలు ఎత్తుకుపోయేవి," అనేది. అంత మాటకారిని. ఆ నోటితో చెప్పాల్సిన మాట ఒక్కటి, ఇన్నేళ్లూ చెప్పలేదు. అది ఇప్పుడు చెబుతున్నాను.

సర్వే ఆఖరి వారం సార్‌కు జ్వరం. నేనొక్కదాన్నే తిరుగుతున్నాను. మర్నాడు మ్యాపు కంపెనీకి ఇవ్వాలి. ఇంక ఆరు గడులే మిగిలాయి. అవి ఫిల్మ్ నగర్ బండల వెనక పల్లంలో ఉన్న బస్తీలో ఉన్నాయి. లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు ఉండే చోటు. దానికి దారి ఒక్కటే. ఆ దారికి అడ్డంగా తాడు కట్టి పాట తీస్తున్నారు. తాడు దగ్గరున్నతను, "సాయంత్రం దాకా ఎవర్నీ వదలమండీ," అన్నాడు. బతిమాలాను, అరిచాను, కాలేజీ కార్డు చూపించాను. ఊహూ.

ఒక బండ నీడలో కూర్చున్నాను. దారికి ఇవతలి గడిలో అంకె ఎంతో నాకు తెలుసు. పల్లానికి అవతలి గడిలోదీ తెలుసు. ఆ రెంటికీ మధ్య ఆరు అంకెలు వేసేశాను. మెట్లు దిగినట్టు ఎంత చక్కగా దిగాయో! నీలం పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి అంకెలు.

సాయంత్రం సార్ మఫ్లరు చుట్టుకుని మంచం మీద కూర్చుని మ్యాపు చూశారు. ఆ గడుల దగ్గర వేలు ఆగింది. "ఇంకేమన్నా రాయాల్సింది ఉందా?" అన్నారు. "లేదు సార్," అన్నాను. సంతకం పెట్టారు.

కంపెనీ టవరు లేచింది. ఆ పల్లంలో కూడా ఫోన్ పలుకుతుందని మా మ్యాపు చూసే చెప్పారు. బస్తీలో జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే ఏజెంటు ఒకతను ఆ మాట నమ్మి సెల్‌ఫోన్ కొన్నాడు. అది పలకలేదు. బండ వెనక సిగ్నల్ ఒక్క పిసరు కూడా దిగలేదు. రేపు ముప్ఫైమంది కావాలన్న కబురు అతనికి అందేది కాదు. ఆ పని ఇంకో ఏజెంటుకు పోయేది. బస్తీలో జనం మొహాలకు రంగు లేకుండా ఇళ్లలో కూర్చున్నారు.

బంజారాహిల్స్‌లో కంపెనీ ఆఫీసుకు మమ్మల్ని పిలిచారు. "సార్, మీ మ్యాప్‌లో ఇక్కడ సిగ్నల్ గుడ్ అని ఉంది. గ్రౌండ్‌లో జీరో. ఏంటి సార్ ఇది?" అని అడిగాడు ఆఫీసరు. సార్ మ్యాపును దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు. నేను పక్కనే ఉన్నాను. బల్ల మీద బిస్కెట్ల ప్లేటు వైపే చూస్తున్నాను.

"కొలత తప్పింది. సంతకం నాది," అన్నారు.

అంతే. నా వైపు తిరగను కూడా తిరగలేదు. రెండో విడతలో ఊరు మొత్తం కొలిచే పని మాకు రావాల్సింది, వేరేవాళ్లకు పోయింది. దానికోసం ఆయన ముందే గడులు గీసి పెట్టుకున్న పెద్ద మ్యాపు గది తలుపు వెనక చుట్టి ఉండేది. ఒక్క గడీ నిండకుండానే ఆయన రిటైరయ్యారు. నాకు డాక్టరేటు వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో ఆయనకు కృతజ్ఞతలు రాశాను. మంచి వాక్యాలే రాశాను. సిగ్గులేని వాక్యాలు.

కంపెనీవాళ్లు పిలిచి అడిగిన దగ్గర్నుంచీ ఆదివారాలు ఆయన డబ్బా పట్టుకుని ఆ పల్లానికి వెళ్లేవారు. "ఇప్పుడెందుకు సార్?" అని అడిగితే, "వాళ్లకు ఏదో ఒకటి చేసిపెట్టాలి కదమ్మా. నువ్వూ రారాదూ?" అన్నారు. నాకు పని ఉందన్నాను. ప్రతి ఆదివారం నాకేదో ఒక పని ఉండేది.

పోయిన నెల ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఈసారి చెప్పేయాలనుకున్నాను. ఆటోలో దారి పొడుగునా నోట్లో నోట్లో అనుకుంటూనే వెళ్లాను. తీరా మంచం పక్కన కూర్చున్నాక కాలేజీ కబుర్లు చెప్పాను. ఎండలు చెప్పాను. మా పాప స్కూలు చెప్పాను. లేవబోతుంటే ఆయన కళ్లు తెరిచారు. గొంతు పీలగా ఉంది.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?"

"లేదు సార్. రెస్టు తీసుకోండి," అన్నాను.

రెండు రోజులకు ఆయన పోయారు.

సంతాప సభలో కంపెనీ తరఫున ఆ ఆఫీసరే వచ్చాడు. పాపం, బాగానే మాట్లాడాడు. "ఆ ఒక్క పొరపాటు తప్ప సార్ కెరీర్‌లో మచ్చ లేదు," అన్నాడు. నేను రెండో వరసలో కూర్చున్నాను. లేచి చెప్పాలి. లేవలేదు. అమ్మగారు మొదటి వరసలో తల వంచుకుని ఉన్నారు. ఆ వంచిన తల నా వల్ల. ఇంటికొచ్చి కుళ్లికుళ్లి ఏడ్చాను. ఏడ్చి ఏం లాభం?

పదకొండో రోజు కాలేజీలో అడిగి ఆ పాత డబ్బా తీసుకున్నాను. అదే దారిన, మొట్టమొదటిసారి, ఆ పల్లంలోకి దిగాను. మొదటి ఇంటి ముందు ఒకామె కుట్టుమిషన్ మీద జాకెట్టు కుడుతోంది. నన్ను కాదు, డబ్బాను చూసి ఆగింది.

"గిది సారు డబ్బ గాదా? సారు మంచిగున్నడా? శాన దినాలాయె గీడికి రాక."

చెప్పాను. ఆమె మిషన్ మీంచి చెయ్యి తీసేసింది. "అయ్యో... పోయిండా! గంత మంచి మనిషి మల్ల దొరుకుతడా?" అని పైకి చూపించింది. "గా బండ జూడు. వారాలకు వారాలు తిరిగి, గా ఒక్క జాగల ఫోన్ పలుకుతదని సారే పట్టిండు. ఏజెంటు గాడ బల్లేసిండు. మేం సారు బండ అంటం. ఇప్పుడు మా పనులన్నీ గాడికెల్లే."

ఆ తర్వాత నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"మొదటిపాలి వచ్చినప్పుడు సారు నన్ను అడిగిండు. 'మా కాలేజి పిల్ల ఒకామె ఫలాన దినం గీ డబ్బ వట్టుకొని వచ్చిందా' అని. 'రాలే సారూ, గా దినం షూటింగని తాడు గట్టిండ్రు, మేమే బయటికి పోలే, గామె ఎట్లొస్తది' అని నేనన్న. కండ్లద్దాలు దీసి తుడుసుకుండు. మరి గామెను అడుగరాదు సారూ అంటే, 'తనే చెబుతుందిలే అమ్మా' అన్నడు." ఆమె గొంతు తగ్గింది. "గామె నువ్వేనా బిడ్డా? చెప్పినవా మరి?"

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సార్, చెబుతున్నాను. ఆ పొరపాటు మీది కాదు. ఆ ఆరు గడులు నావి. ఇది చదివేవాళ్లందరికీ, ముఖ్యంగా అమ్మగారికీ, ఆ ఆఫీసరుకూ చెబుతున్నాను.

ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, ఆ రోజే ఆరు చోట్లా ఆగాను. ఒక్కోచోట మూడుసార్లు చూశాను. ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు వేస్తూ వచ్చాను. ఆరో చోట డబ్బా కింద పెట్టేసరికి, పైన సారు బండ మీద ఏజెంటు ఫోన్ చెవికి ఆనించుకుని, రేపటి షూటింగుకు ఎవరెవరు రావాలో ఒక్కొక్క పేరే కిందికి అరిచి చెబుతున్నాడు. ఇళ్లలోంచి ఒక్కొక్కరే వస్తున్నామని బదులిస్తున్నారు. నా ముందు సూది కదలలేదు. ఇంకో నిమిషం నిలబడ్డాను.