రేపల్లె గడియారం కింద తాళాలు

ఎనభైల చివర, ఒక ఆగస్టు ఉదయం ఏడూ ఇరవైకి తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. చూడవలసిన ఊరని వెళ్ళలేదు. అసూయతో వెళ్ళాను. ఒక మనిషిలో తప్పు పట్టడానికి వెళ్ళాను.

బాపట్లలో ఉండే మా చెల్లెలు భారతి కూతురు లావణ్యకు తొమ్మిదో ఏట నుంచి మూర్ఛలు. తెనాలి తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తున్నాం. మాత్రలతో చాలా తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. ఆ జూలైలో తరగతిలోనే ఒకటి వచ్చింది. పిల్లలంతా తాళాల కోసం పరిగెత్తారు. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ దిగుతుందని మనవాళ్ళ నమ్మకం. సంగతి తెలిసి నేను ఆ బడికి వెళ్ళాను. లావణ్యను లేపి నిలబెట్టి, ఆ పిల్ల మెదడులో ఏం జరుగుతుందో గంటసేపు చెప్పాను. చివర్లో ప్యూను చేతిలోని తాళాల గుత్తి లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. చప్పట్లు మోగాయి. మర్నాటి నుంచి లావణ్య బడి మానేసింది. ఆగస్టు నెలాఖరులోగా రాకపోతే పేరు కొట్టేస్తామని బడివాళ్ళు కబురు పెట్టారు.

ఈ మాట డాక్టరుకు చెబితే ఆయన నవ్వాడు.

"మూఢనమ్మకాల మీద ఇరవై ఏళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నారు కదండీ. రేపల్లెలో ఒక లెక్కల టీచరమ్మ, ఫిట్స్ వచ్చే పిల్లని ఒక్కరోజు కూడా మాననివ్వకుండా చదివిస్తోంది. ఒకసారి వెళ్ళి చూసి రండి."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఆవిడ ఏ సభలో మాట్లాడింది? ఏం రాసింది?

రైల్లో ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. పసుపు బేరం మీద దుగ్గిరాల వెళ్ళి తిరిగొస్తున్నాడట. మాటల్లో మూర్ఛ ప్రస్తావన రాగానే చేతిలో ఇనుము పెట్టాలన్నాడు. వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా వాదించాను. ఇనుముకి, మెదడుకి సంబంధం లేదని ఆయన చేతనే ఒప్పించాను. పెట్టె చుట్టూ మనుషులు మూగారు. రేపల్లెలో దిగుతూ ఆయన నా భుజం తట్టాడు.

"బాగా చెప్పారు బాబూ. అయినా తాళాలు పెడితే పోయేదేముందండి?"

స్టేషను బయట ఇడ్లీ తిని, రిక్షాలో తొమ్మిదిన్నరకి బడి చేరాను. డాక్టరు చెప్పిన ఆ కామేశ్వరి టీచరు గారికి యాభై దగ్గర ఉంటాయి. నుదుట విభూతి. నా మనసు కాస్త కుదుటపడింది, పట్టుకోవడానికి ఒక తప్పు దొరికిందని. తరగతిలో గోడ గడియారం, దాని కింద మేకు, మేకుకి తాళాల గుత్తి. అది చూశాక ఇంకా సంతోషించాను. వెనక బెంచీ మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను.

పదకొండు దాటాక రెండో వరసలో పద్మ అనే పిల్ల పక్కకి ఒరిగి పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఒక పిల్ల లేచి తాళాల కోసం పరిగెత్తింది. ఇదిగో దొరికిపోయారు, అనుకున్నాను. ఆ పిల్ల గుత్తి తీసి, తలెత్తి గడియారం చూసి, "పదకొండూ పన్నెండు నిమిషాలు" అని గట్టిగా చెప్పింది. ఇద్దరు బెంచీలు వెనక్కి జరిపారు. ఒకమ్మాయి పుస్తకాల సంచీ తల కింద పెట్టి, పద్మను పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఎవరూ గట్టిగా పట్టుకోలేదు, నోట్లో ఏమీ పెట్టలేదు. తాళాల పిల్ల గడియారం మీంచి చూపు తిప్పకుండా అక్కడే నిలబడింది. "పదమూడు." "పద్నాలుగు." అంతలో కొట్టుకోవడం ఆగింది. కాసేపటికి పద్మ కళ్ళు తెరిచి అయోమయంగా చూసింది. పక్కపిల్ల ఆమె పరికిణీ సర్ది, చెవి దగ్గర చెప్పింది.

"ఏడో లెక్కలో ఉన్నామే. కంగారేం లేదు, పడుకో."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటి వెనకే అసూయ. ఇది నేను చెయ్యవలసిన పని.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆవిడ మీద విరుచుకుపడ్డాను. తాళాలు ఎందుకుంచారన్నాను. పిల్లల బుర్రల్లో మూఢనమ్మకాన్ని పెంచుతున్నారన్నాను. ఆవిడ క్యారేజీ విప్పుతూ విన్నారు.

"మానమంటే మానలేదండి. ఎలాగూ పరిగెడతారు కదా, ఆ పరుగేదో గడియారం దగ్గరకి పెట్టించాను. అయిదు నిమిషాలు దాటితే రిక్షా పిలిచి ఆస్పత్రికి. ఇప్పుడు తాళాలు చేతిలో పెట్టడం వాళ్ళే మర్చిపోయారండి."

మాత్రలు మధ్యలో మానేస్తే ప్రమాదమని తెలుసా అని అడిగాను, చివరి అస్త్రంగా.

"తెలుసండి. ఒక్కపూట కూడా మాన్పించనని వాళ్ళమ్మ చేత సుబ్రహ్మణ్యస్వామి మీద ఒట్టు వేయించాను. పులిహోర తింటారా?"

తిన్నాను. పులిహోర కూడా బాగుంది.

రెండుంపావుకి బాపట్ల బస్సు. ఎవరైనా వెళ్తే ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. చెరుకుపల్లి, పిట్టలవానిపాలెం, కర్లపాలెం మీదుగా రెండు గంటల దారి. దారంతా ఆవిడతో మనసులో వాదించాను, ప్రతిసారీ ఓడాను. కర్లపాలెం దాటాక ఒక నీచమైన ఆలోచన వచ్చింది. దాంతోనే బస్సు దిగాను.

భారతి కాఫీ ఇచ్చింది. లావణ్య గడప దగ్గర కూర్చుని తన తరగతి లెక్కల పుస్తకం చూస్తోంది. నాకొక ఉపాయం తట్టిందన్నాను. గడియారం, మేకు, తాళాలు, నిమిషాలు, పక్కకి తిప్పడం, అన్నీ చెప్పాను. రేపల్లె మాట ఎత్తలేదు. రేపే మీ బడికి వచ్చి చెబుతానన్నాను.

లావణ్య పుస్తకం మూసింది.

"ఇది నీ ఆలోచన కాదు మామయ్యా. నీదైతే ముందు తాళాలు అవతల పారెయ్యమంటావు."

భారతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక దాచలేక కామేశ్వరి టీచరు గారి గురించి చెప్పాను. పద్మ గురించి, ఏడో లెక్క గురించి కూడా చెప్పాను.  లావణ్య అడిగింది, ఆ పిల్లని లేచి నిలబడమన్నారా అని. లేదన్నాను.

"ఆ టీచర్ని తీసుకురా. ఆవిడ మా క్లాసులో చెబితే బడికి వెళ్తాను. నువ్వు కూడా రావచ్చు గాని, మాట్లాడకూడదు."

ఒప్పుకున్నాను.

ఆరున్నర బండికి బాపట్ల స్టేషనులో గంట ముందే ఉన్నాను. బెంచీ మీద కూర్చుని కామేశ్వరి టీచరు గారికి కార్డు రాశాను. మొదటి కార్డులో మూఢనమ్మకాల మీద నాలుగు వాక్యాలు పడ్డాయి, చించేశాను. రెండో దానిలో నా పుస్తకాల పేర్లు వచ్చాయి, అదీ చించేశాను. మూడో దానిలో, శనివారం దయచేసి బాపట్ల రండి, మా పిల్ల మీ కోసం ఎదురుచూస్తోంది, రేపల్లె వచ్చి నేనే తీసుకొస్తాను, అని మాత్రం రాశాను. నేను ఇన్నేళ్ళు మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ కార్డంత పని చెయ్యలేదని తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన అసూయ తగ్గలేదు.

బండి కూత వినబడింది. కార్డు పోస్టు డబ్బాలో వేయబోతూ ఆగి, కింద మిగిలిన చోట ఇంకొక్క ముక్క ఇరికించాను.

గడియారం కింద కొట్టడానికి మేకు నేను తెస్తాను.