కొండల వీరుడికి కుంకుమ బొట్టు

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ప్లేనోలో మా ఇంటికి దగ్గరి లైబ్రరీలో ఒక అర నిండా ఒకే రకం నవలలు ఉండేవి. అన్నిటి అట్టల మీదా దాదాపు ఒకే మనిషి. జుట్టు భుజాల దాకా, చొక్కా లేదు, నడుముకి గళ్ల బట్ట, వెనక స్కాట్లాండ్ కొండలు. లోపలి కథ కూడా అంతే. ఈ కాలపు అమెరికా అమ్మాయి అక్కడికి టూర్ వెళ్తుంది, ఏ పాత కోటలోనో కాలు జారి పడుతుంది, లేచేసరికి ఏడు వందల ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. గళ్ల బట్ట మనిషి మొదట కత్తి దూస్తాడు, తర్వాత ప్రేమిస్తాడు. చివర్లో సొంత కాలానికి వెళ్లే దారి తెరుచుకుంటుంది. ఆమె వెళ్లదు.

అలాంటివి నేను ఒక్క ఏడాదిలో ముప్పై దాకా చదివాను. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. విజయవాడలో ఆరేళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మా ఆయన పొద్దున ఎనిమిదికి ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రం ఆరు దాకా ఇంట్లో నేనూ డిష్‌వాషరూ. దానికైనా చేతినిండా పని ఉండేది.

గుంటూరు దగ్గరి ఊరి నుంచి మా అత్తయ్య మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, ఆ చొక్కా లేని మనిషిని ఎక్కడ దాచాలో తెలియలేదు. చిన్నప్పుడు బడి తెరవగానే పుస్తకాలన్నిటికీ అట్టలు వేసిన చేతులే కదా. ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన క్యాలెండర్‌లో గడిచిన నెల కాగితం చింపి చక్కగా అట్ట వేశాను. నున్నటి వైపు పైకి ఉంటే మరకలు పడవని నా తెలివి. ఆ నెల బొమ్మ లక్ష్మీదేవి.

సరిగ్గా ఆ వారమే నా పాత ఆస్పత్రి నుంచి మెయిల్ వచ్చింది. కొత్తగా ఇంకో విభాగం తెరుస్తున్నారట, నడిపించడానికి నేను వస్తానా అని మా పెద్ద డాక్టరుగారు అడిగారు. నెలాఖరులోగా జవాబు కావాలన్నారు. ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. చెబితే వద్దంటాడని కాదు, వెళ్లమంటాడేమోనని కూడా కాదు. నాకు వెళ్లాలని ఎంత ఉందో నా నోటితో నేనే వినాల్సి వస్తుందని భయం.

నాలుగు రోజుల తర్వాత స్నానం చేసి వచ్చి చూస్తే సోఫా మీద పుస్తకం లేదు. దేవుడి అరలో ఉంది. అట్ట మీద లక్ష్మీదేవికి కుంకుమ బొట్టు, పైన ఒక పువ్వు.

"రోజూ మధ్యానం పట్టుగా పారాయణం చేస్తన్నావు గదా," అంది అత్తయ్య. "దేవుడి పుస్తకాన్ని కూర్చునే చోట పడేస్తే ఎట్టా? ఇయ్యాల్టి నుంచి పైకి చదువు, నేనూ వింటా."

ఇక అబద్ధం చెప్పే ఓపిక లేక అట్ట విప్పి చూపించాను. ఆమె కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"చలి దేశం గాదూ? చొక్కా ఏసుకోడా ఈయన?"

"ఇది కథల పుస్తకం అత్తయ్యా."

"కథయితే మరీ మంచిది. చెప్పు."

అలా మొదలైంది. రోజూ భోజనాలయ్యాక నేను ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. ఈ నవలలో అమ్మాయి పశువుల డాక్టరు. అది వినగానే అత్తయ్య కాళ్లు పైకి పెట్టుకుని సర్దుకు కూర్చుంది. "పనికొచ్చే మనిషే," అంది. కథానాయకుడి మీద ఆమెకి అంత గురి కుదరలేదు గానీ, అతని గుర్రానికి డెక్క పుండు పడితే మాత్రం రెండు రోజులు దిగులు పడింది. ఇబ్బందికరమైన ఘట్టాలు వస్తాయని తెలిసి, నలభయ్యో పేజీలోనే ఇద్దరికీ నేనే పెళ్లి చేసేశాను. అయినా ఒకరోజు ఆమె పట్టేసింది.

"నాలుగు కాయితాలు ఒక్కసారే తిప్పావేందే?"

"అక్కడంతా వంట గురించి ఉంది అత్తయ్యా."

"వంటయితే చదువు మరి."

ఓట్స్ జావ గురించి పావుగంట సొంతంగా కల్పించి చెప్పాను. రచయిత్రికి కూడా అంత తెలిసి ఉండదు.

నెలాఖరు ఇంకో మూడు రోజులు ఉందనగా నవల అయిపోయింది. కోట మెట్ల దగ్గర దారి తెరుచుకుంది, ఆమె అటు చూసింది, వెనక్కి తిరిగింది. "ఉండిపోయింది అత్తయ్యా," అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినిపించింది. "ముప్పై పుస్తకాలు చదివాను, ఒక్కతి కూడా వెనక్కి వెళ్లదు. అంత పిచ్చి ప్రేమ."

"ప్రేమేంది," అంది అత్తయ్య. "తెల్లారితే గొడ్లను తోలుకొని జనం వాకిట్లో నిలబడతన్నారు. ఆ పిల్లకి ఆడ పనుంది, అందుకని ఉంది. నీకీడ ఏవుంది?"

నేను వెంటనే, "మీ అబ్బాయి ఉన్నాడు కదా," అన్నాను.

"వాడు సాయంత్రానికి గదా వచ్చేది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సంగతి అడుగుతన్నా."

నాకు ఏడుపొచ్చింది. ఏడాదిన్నరగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఫోన్ తీసి ఆ మెయిల్ తెలుగులో చదివి వినిపించాను. ఈసారి ఒక్క ముక్క కూడా దాటేయలేదు. ఆమె అంతా విని, ఎన్నాళ్లు టైమిచ్చారని అడిగింది. మూడు రోజులన్నాను.

"వాడికి చెప్పు. నా నోటితో నేను చెప్పను, నీ నోటితో నువ్వే చెప్పు."

ఆరు దాటాక మా ఆయన వచ్చాడు. లాప్‌టాప్ బ్యాగ్ భుజాన ఉండగానే చెప్పేశాను. కూర్చోమంటే ధైర్యం పోతుందని. అతను అరవలేదు, నవ్వలేదు. బ్యాగ్ కింద పెట్టి, "ఎన్నాళ్లకి?" అన్నాడు.

"తెలీదు."

"నాతో ఇక్కడ బాగాలేదా?"

"నీతో బాగానే ఉంది. నాతోనే బాగాలేదు."

అప్పుడు వంటింట్లోంచి అత్తయ్య పిలిచింది. కోడల్ని కాదు, కొడుకుని.

"ఇట్టా రారా. నేనీడ ఉండేది ఇంకా రెండు నెల్లే. అన్నం ఎసరెంతో చూపిస్తా."

అతను నా వైపు చూశాడు. చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్లాడు.