రెండు పీటీలు, ఒక మోకాలు

వనపర్తిలో బస్సు దిగి నడుస్తుంటే ఇప్పుడు సందుకొక ఫిజియోథెరపీ బోర్డు కనిపిస్తోంది. ఆ బోర్డు చూస్తే నాకు నవ్వొస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది కూడా. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆ మాట మా పాన్‌గల్ వాళ్లెవరికీ నోరు తిరిగేది కాదు. దాంతో మా ఇంట్లో పెద్ద గోలే జరిగింది.

అప్పట్లో నాకు కబడ్డీ తప్ప వేరే లోకం లేదు. కూతకు వెళ్లానంటే ఎవరినో ఒకరిని తాకనిదే తిరిగొచ్చేదాన్ని కాదు. అంత పొగరుండేది. ఆడేవాళ్లకు ఆ మాత్రం ఉండాలి కూడా. ఒక సాయంత్రం మైదానంలో గిర్రున తిరగబోతే పాదం నేలమీదే ఉండిపోయింది, మోకాలు మాత్రం తిరిగింది. తెల్లారేసరికి బూరెలా పొంగింది. అమ్మ నువ్వుల నూనె వేడి చేసి రుద్దితే ఇంకా వాచింది. నాయిన పల్లి చేను పని వదిలేసి నన్ను వనపర్తి దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరు స్కానింగు తీయించి చూసి, "లోపల లిగమెంటు తెగలే, సాగింది. ఆపరేషన్ వద్దు. వాపు తగ్గినంక పీటీ చేయించుండ్రి, మంచిగైతది" అన్నాడు.

మా నాయినకు తెలిసిన పీటీ ఒక్కటే. వాపు తగ్గగానే నన్ను బండి మీద కూర్చోబెట్టుకొని నేరుగా హైస్కూలు పీటీ సార్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"డాక్టర్ సార్ మీతోని పీటీ చేయించమన్నడు సార్. బిడ్డ కాలు జర సూడుండ్రి."

సార్‌కు పట్టరాని సంతోషం. డాక్టరంతటివాడు తన పేరు చెప్పాడనుకున్నాడు పాపం. మెడలో ఈల సర్దుకొని, "మెల్లగ ఉర్కు బిడ్డా, గట్టిపడతది" అన్నాడు. నేను అంతకన్నా సంబరంగా పరుగెత్తాను. ఒక చుట్టు పూర్తి కాకముందే మోకాలు మళ్లీ జారింది, కూలబడ్డాను. సార్ ముఖం పాలిపోయింది. అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి, మాట్లాడి, నాయిన వైపు చూడలేక నేల చూస్తూ అన్నాడు: "అన్నా, ఆ పీటీ నేను గాదంట. అదేదో ఫిజియోథెరపీ అంట, దానికి వేరే మేడం ఉంటదంట."

నాయిన నవ్వలేదు. ఇంటికొచ్చాక, "ఇంగ ఆట బంద్. నువ్వు కుంటుకుంట తిరుగుతుంటే నేను సూడలేను" అన్నాడు. కాలి నొప్పికి ఏడవని నేను ఆ మాటకు ఏడ్చాను. ఆయన మేడం దగ్గరికి తీసుకెళ్లింది కూడా నడక సరిగ్గా వస్తే చాలనే.

మేడం గద్వాల ఆమె. ఊరు కన్నడ దేశానికి దగ్గర కదా, మాటకు ముందు ఒకటి, వెనక ఒకటి 'సొల్ప' వచ్చేది. అంటే కొంచెం అని. ఆమె గదిలో ఒక మంచం, గోడకు వేలాడే రబ్బరు పట్టీలు తప్ప ఏమీ లేవు. అంతదాకా అందరూ ఎక్కడ నొప్పి అని అడిగినవాళ్లే. "ఏం ఆడ్తవు? ఎటు తిరుగుతవు?" అని అడిగింది ఆమె ఒక్కతే. ఆ ప్రశ్నకే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదట్లో మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి నొక్కమనేది. ఇదేం వైద్యం, ఇది మా అమ్మమ్మ కూడా చేస్తుంది అని గొణుక్కునేదాన్ని. నొక్కీ నొక్కీ తొడ వణికిపోతుంటే "ఇంకా సొల్ప" అనేది. నొప్పి పోయింది, ఇక చాలని నేనంటే ఒప్పుకోలేదు.

"నొప్పి పోతే నడిచేటోళ్లకు సాలు. నువ్వు ఆడేటిదానివి. ఉరికి ఆగాలె, ఆగి తిరగాలె, ఎవరన్న పట్టుకుంటే గుంజుకొని రావాలె. కాలుకు అవన్నీ మళ్ల నేర్పాలె."

అలాగే నేర్పింది. ఒంటికాలి మీద నిలబెట్టి కూత పట్టించేది. నడుముకు రబ్బరు పట్టీ కట్టి వెనక్కి లాగుతూ నన్ను ముందుకు పొమ్మనేది. నాయిన మూలన స్టూలు మీద కూర్చొని రుమాలు నలుపుతూ చూసేవాడు. కొన్నాళ్లకు ఇంట్లో నేను కసరత్తు చేస్తుంటే గడప మీది నుంచి "ఇంకా సొల్ప" అనడం మొదలుపెట్టాడు. మా ముగ్గురి ఆ మధ్యాహ్నాలు మళ్లీ రావు. తలచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

చివరికి మేడం "ఇంగ ఆడొచ్చు" అంది. ఆట బంద్ అన్న నాయినే నాగర్‌కర్నూల్‌లో పోటీలకు నా వెంట వచ్చాడు.

కూతకు వెళ్లాను. ఒకమ్మాయి చీలమండ పట్టుకుంది, ఇంకొకామె నడుము పట్టింది. బరువంతా ఆ మోకాలి మీదే పడింది. తిరిగాను. నిలబడింది. ఇద్దరినీ ఈడ్చుకుంటూ చెయ్యి చాచి గీత తాకాను. ఈల మోగింది. ఆ వెంటనే ఇంకోసారి మోగింది. ఎందుకా అని చూస్తే మా నాయిన చెప్పులు ఎక్కడో వదిలేసి, రెండు చేతులూ చాచి, నన్ను ఎత్తుకోవడానికి బరిలోకి ఉరికొచ్చేస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? బయటికి నడువు" అని అంపైర్ అరుస్తున్నాడు.

"పడ్డవనుకున్న బిడ్డా" అన్నాడు నాయిన రొప్పుతూ.

"పడలే నాయినా."

ఆయన వంగి, అందరి ముందూ నా మోకాలు తడిమి చూశాడు. అటు వంచి, ఇటు వంచి చూశాడు. తర్వాత లేచి అంపైర్‌కు దండం పెట్టాడు.

"నా బిడ్డనే సార్. ఆడనియ్యుండ్రి."