బాపు అద్దం కట్టించిన కాయిదం

నిన్న ఆలేరు స్టేషన్ల దిగిన. మూడు నెల్ల తర్వాత ఊరికి పోతున్న, నలుగురు మంచిచెడు మందలిస్తరు గద! ఒక్కడు నా మొఖం చూడలె. అందరు నా కాళ్లు చూసుడే! గేటు కాడ టికెట్లు తీసుకునే సారైతె నన్ను ఆపి మరీ, "యాదగిరీ, రెండు చెప్పులున్నయా? జర చూసుకో," అన్నడు. ఎందుకన్నడో చెప్తె మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. చాయ్ మాత్రం చల్లార్చుకోకుండ్రి.

నా కొలువు మీకెరుకే. బేగంపేటల విమానాల కంపెనీ. పైన కూసున్నోళ్లకు చాయ్ బిస్కట్లు ఇచ్చుడు, బెల్టు పెట్టుకోమని చెప్పుడు, కడుపుల తిప్పినోళ్లకు కాగితం సంచి అందించుడు. మగ్గం గుంటల కూసోవల్సినోణ్ణి మబ్బులల్ల తిరుగుతున్న. నాలుగేండ్లు బెంగుళూరు, మద్రాసు తిరిగినంక మా పెద్దసారు పిలిచి, "నిన్ను కొలంబో విమానంలో వేస్తున్నా. పాస్‌పోర్టు తీసుకో," అన్నడు. సముద్రం దాటుడు! మా ఇంట్ల భువనగిరి దాటినోళ్లే ఇద్దరు.

ఫారం నింపుతున్న. పేరు, ఊరు, తండ్రి పేరు, అన్ని బరాబర్ రాసిన. కిందికి వచ్చేవరకు ఒక ప్రశ్న ఉన్నది. ఎప్పుడన్న కోర్టుల శిక్ష పడ్డదా? అని. పెన్ను ఆగింది.

పడ్డది మరి! పదేండ్ల కింది ముచ్చట. హైదరాబాదుల టైపు పరీక్ష ఉండె. పోయేముందు బాపు నాకు కొత్త చెప్పులు కొనిచ్చిండు. నా జన్మల మొదటి చెప్పులవి. వాటిని నలుగురికి చూపియ్యాలె గద! రైలు తలుపు కాడ కూసోని కాళ్లు కిందికి ఏలాడేసిన. వంగపల్లి దాటినంక ఎడమకాలి చెప్పు ఊడి పడ్డది. నేనేం ఆలోచించలె. లేచి గొలుసు గుంజిన.

రైలు ఆగింది. గార్డు వచ్చిండు. "ఎవరు పడ్డరు?" అని అడిగిండు.

"చెప్పు పడ్డది సార్," అన్న.

డబ్బల ఉన్నోళ్లు నవ్విండ్రు, గార్డు నవ్వలె. సికింద్రాబాదుల దించి ఠాణల కూసోబెట్టిండ్రు. తెల్లారి మేజిస్ట్రేటు జుర్మానా ఏసిండు. పరీక్ష ఫీజుకని తెచ్చిన పైసలు జుర్మానాకే పోయినయి. పరీక్ష కూడ పోయింది. చేతిల మిగిలింది ఇంగ్లీషుల రాసిన, గుండ్రటి మొహరు కొట్టిన ఒక కాయిదం.

ఇంటికి పోతె బాపు వాకిట్లనే నిలబడ్డడు. నా చేతిల కాయిదం చూసి, "పాసైనవా కొడుకా?" అని అడిగిండు. ఆయన మొఖం ఎలిగిపోతున్నది. నా నోట్లకెల్లి 'కాలేదు' అనే మాట ఎట్ల రావాలె? "అయిన బాపు," అన్న. గంతే! అమ్మ ఆ కాయిదానికి నాలుగు మూలలకు పసుపు పెట్టింది. బాపు అద్దం కట్టించి, మగ్గం ఎదురుంగ గోడకు ఏలాడగొట్టిండు. మా ఇంటికి వచ్చేటోళ్లల్ల ఇంగ్లీషు వచ్చినోడు ఒక్కడు లేడు. పదేండ్లు ఎవ్వలు చదవలె. బాపు మాత్రం మగ్గంల నాడె ఇటు అటు కొట్టినప్పుడల్ల తలెత్తి దాన్ని చూసుకునేటోడు.

ఇగ ఫారంల ఏం రాస్త? 'లేదు' అని రాసిన. బాపుకు ఒక అబద్ధం, సర్కారుకు ఒకటి. పైకెల్లి బాపుకు కబురు పంపిన: "నా గురించి అడగనీకి పోలీసులు వస్తరు, బుగులు పడకుండ్రి, మర్యాద చెయ్యుండ్రి, నా గురించి మంచిగ చెప్పుండ్రి" అని.

బాపు చెప్పకుండ ఉంటడా! పోలీసు జమేదారు వచ్చినంక కుర్చీ ఏసిండు, చాయ్ తాపిండు. "జమేదార్ సాబ్, మావోడు ఉత్తగ ఎక్కలేదు విమానం. గీ సర్టిఫికేటు చూడుండ్రి. గిది గూడ రాసుకోండ్రి," అని గోడ దిక్కు చూపిచ్చిండట. పాపం ఆ జమేదారుకు గూడ ఇంగ్లీషు అంతంత మాత్రమే. అయినా ముసలాయన మాట కొట్టెయ్యలేక, ఒక్కొక్క అక్షరం బొమ్మ గీసినట్టు కాపీలకు ఎక్కిచ్చుకున్నడు. మంచి కుటుంబం, కొడుకుకు సర్కారు సర్టిఫికేటు ఉన్నది అని పైన రాసి, కింద నా శిక్ష మొత్తం అక్షరం పోకుండ జతచేసి పంపిండు.

వారానికి పెద్దసారు నన్ను పిలిచిండు. బల్ల మీద రెండు కాయిదాలు. కంపెనీ పంపిన ఫారం గద, పాస్‌పోర్టు ఆఫీసోళ్లు ఆయనకే తిప్పి పంపిండ్రు. ఒకదాంట్ల 'లేదు'. ఇంకోదాంట్ల రైలు, గొలుసు, జుర్మానా, నా పేరు.

"గొలుసు లాగినందుకు జరిమానా. ఇంతే కదా?" అన్నడు సారు. "ఇది రాసుంటే నవ్వి సంతకం పెట్టేవాణ్ణి. నువ్వు దాచావు. రేపు కొలంబోలో దిగితే అక్కడి అధికారి కూడా ఇదే అడుగుతాడు. అక్కడ అబద్ధం బయటపడితే నిన్ను దిగనివ్వరు. నీతో వచ్చినవాళ్లను కూడా ఆపుతారు. మన కొలువులో రోజుకో దేశం గడప దాటాలి, యాదగిరీ."

మళ్ల ఫారం రాయనిచ్చిండు. కాని కోర్టు అసలు కాయిదం వారంల తెచ్చియ్యాలె, లేకుంటె కొలంబో సంగతి మర్చిపో అన్నడు. కోర్టుకు ఉరికిన. పాత ఫైళ్లు మూటలు కట్టి ఏడికో పంపిండ్రట, దొరకయన్నరు. నా తప్పు గింతదే అని చెప్పే కాయిదం లోకంల ఒక్కటే ఉన్నది. అది మా బాపు గోడ మీద ఉన్నది.

ఆలేరు పోయిన. బాపు మగ్గం మీద ఉన్నడు. చెప్పుల్లేని కాళ్లతోటి ఎదురుంగ నిలబడ్డ. ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వక, "బాపు, నేను ఆనాడు పాస్ కాలె. పరీక్షే రాయలె," అన్న. అంత చెప్పిన. తలుపు, కాళ్లు, గొలుసు, ఠాణ. నాడె ఆగింది. నా ఎన్క గోడ మీద ఆ అద్దం ఉన్నది, నేను తిరిగి చూడలె.

బాపు నా కాళ్ల దిక్కు చూసిండు. అడిగిండు, "చెప్పు దొరికిందా?"

"దొరకలె బాపు."

"ఆనాడే చెప్తె ఏమయితుండె?"

"నువ్వు బాధపడ్తవని."

"ఇప్పుడు పడ్తలేనా?"

నాకు ఏడ్పు ఆగలె. ముప్పయేండ్లొచ్చినోణ్ణి, ఒక బిడ్డ తండ్రిని, మగ్గం గుంట పక్కన కూలబడి ఏడ్చిన. బాపు లేచి, పీట ఏసుకోని, పటం ఆయనే దించిండు. మొలలు పీకి, కాయిదం చినగకుండ తీసి, నా చేతిల పెట్టిండు. "జాగర్త. మళ్ల తెచ్చియ్యాలె," అన్నడు. గోడ మీద ఆ జాగ తెల్లగ మిగిలింది. దాన్ని చూస్తె, బాపు నన్ను రెండు కొట్టినా బాగుండనిపిచ్చింది.

పెద్దసారు కాయిదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఇదేంటి, నాలుగు మూలలా పసుపు! కోర్టు కాగితమా, నీ పెళ్లి పత్రికా?" అన్నడు. అయినా పంపిండు. పాస్‌పోర్టు వచ్చింది, కాయిదం గూడ తిరిగొచ్చింది.

మొన్న కొలంబోల దిగిన. అధికారి అదే ప్రశ్న అడిగిండు. ఉన్నదని చెప్పిన. చిన్న మాటే గని, గొంతుల పదేండ్లు ఇరుక్కున్న మాట. పసుపు కాయిదం ఇచ్చిన. ఆయన సాంతం చదివి, నా వచ్చీరాని ఇంగ్లీషుల చెప్పు కథ విని, కుర్చీలకెల్లి లేచి, బల్ల మీదికెల్లి ఒంగి నా కాళ్లు చూసిండు. బూట్లు రెండున్నయని రూఢి చేసుకోని మొహరు కొట్టిండు. నాతో వచ్చినోళ్లంత అప్పటిదాక ఎండల నిలబడ్డరు. ప్రతి గడప మీద గిదే తతంగం అని మా సారు ముందే చెప్పిండు.

నిన్న ఊరికి పోయింది గందుకే, నకలు తీపిచ్చుకోని అసలు కాయిదం తిరిగియ్యనీకి. ఇచ్చిన. బాపు దాన్ని మళ్ల అద్దంల పెట్టి, ఆ తెల్లటి జాగలనే ఏలాడగొట్టిండు! "వద్దు బాపు, ఇజ్జత్ పోతది," అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. ఇనలె.

అంతలకే నూలు కోసం పక్కింటి నర్సయ్య వచ్చి, ముందు నా కాళ్లే చూసిండు; ఈ మూడు నెల్లల బాపు ఈ ముచ్చట చెప్పనోడు లేడట. నేను సముద్రం గురించి చెప్పవోయిన. పైకెల్లి చూస్తె నీలం పట్టుచీర పరిచినట్టు ఉంటది మామా, అంటున్న. బాపు నా మాట నడుమనే ఆపిండు.

"విమానం ఎవలైన ఎక్కుతరు నర్సయ్యా," అన్నడు, గోడ దిక్కు చెయ్యి చూపుకుంట. "రైలు ఆపుమను చూస్త! మావోడు ఆపిండు. గిది సర్కారు రాసిచ్చిన కాయిదం. గీసారి వీనితోనే చదివిపిచ్చుకున్న, అబద్ధం లేదు."