పెళ్లికారు అద్దానికి కందెన

పోయిన వేసవిలో మా మరిది పెళ్లి మైదుకూరు చర్చిలో జరిగింది. కొత్త జంట మా పాత కారులో కర్నూలు వెళ్లాలి. ఏసీ ఎప్పుడో చెడిపోయింది. తీరా పెళ్లికూతురు ఎక్కి కూర్చున్నాక ఆమె వైపు అద్దం దిగనని మొరాయించింది. ఆ ఎండకు పిల్ల ఉడికిపోతోంది.

మా మామగారు ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన డబ్బా తెచ్చారు. వేలు ముంచి అద్దం గాడిలో పూయబోతుంటే, "ఉండు మామా!" అని గట్టిగా అరిచేశాను. బంధువులంతా గిరుక్కున తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"అది ఇనుముకు మామా! ఈడ ఉండేది రబ్బరు, ప్లాస్టిక్. ఉబ్బి పగిలిపోతాయి. సిలికాన్ కొట్టాల. లైబ్రరీలో చదివినా."

"సరేమ్మా, నీ లైబ్రరీ ఏం జేస్తాదో చూస్తాం!"

గాడిలో దుమ్ము తుడిచి, నేను కొని కారులోనే దాచుకున్న సిలికాన్ స్ప్రే కొట్టి, మీట నొక్కాను. అద్దం కదల్లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్లీ కొట్టి నొక్కితే, ఒకసారి మూలిగి సర్రున దిగిపోయింది!

"బతికినా అక్కా!" అంటూ పెళ్లికూతురు నా చెయ్యి పట్టుకుంది. ఒకటే చప్పట్లు.

ఇప్పుడు ఇంట్లో ఏది కిర్రుమన్నా మామగారు డబ్బాతో ముందు నా దగ్గరికే వస్తారు. "ఏమ్మా, ఇది ఇనుమా, ప్లాస్టిక్కా?" అని అడుగుతారు. నా చదువుకు అంతకన్నా పెద్ద పట్టా ఏముంటుంది?